రాణిగారి నిద్ర

బులిలేకా, లంబాసా దగ్గర
1911, మే నెల

ప్రియమైన చెల్లెలు ద్రౌపదికి,

మీ అన్న మునియ్య నిన్నూ బావ సుబ్బయ్యనూ తలుచుకుని రాసేది. నీ ఉత్తరం స్టీమరెక్కి వచ్చి, కంపెనీ ఆఫీసులో కొన్నాళ్ళు పడి ఉండి, ఆఖరికి నా చేతికందింది. తిట్టడానికే రాశావని మొదటి వరసలోనే తెలిసిపోయింది. ఓడలో మొదలుపెట్టిన కథను, ఓడ దిగగానే మనల్ని ఉంచిన నుకులావు దీవిలో ఆపేశాననీ, నాలుగేళ్ళుగా ఆ రాణిగారికి నిద్ర లేకుండా చేశాననీ అన్నావు. ఒప్పుకుంటాను. కానీ మనల్ని పంచిపెట్టింది దొరలమ్మా. ఒక్క ఓడలో వచ్చినవాళ్ళు తోడబుట్టినవాళ్ళతో సమానమని మనం అనుకున్నాం గానీ వాళ్ళకేం పట్టింది? మిమ్మల్ని లౌటోకా చక్కెర మిల్లుకు పంపారు, నన్ను ఈ దీవి మీద చెరుకుతోటలోకి తోలారు.

సరే, కథ చెబుతాను. ఇక్కడ కూలీల గదులన్నీ వరసగా ఉండే మా లైన్లో కూడా ఆదివారం మధ్యాహ్నాలు ఇదే కథ నడుస్తోంది. రాణిగారికి నిద్ర పట్టదు. కొండల అవతలి రాక్షసి ఆమె నిద్రను మూటగట్టుకుని ఎత్తుకుపోయింది. పెద్దకొడుకులిద్దరూ ఏవో సాకులు చెప్పి తప్పుకున్నారు. చిన్నవాడు ఆ మూట తెస్తానని బయలుదేరాడు. నువ్వు విన్నది ఇక్కడిదాకానే.

ఇప్పుడు వాడు మొదటి ఏటి దగ్గరికి వచ్చాడు. ఏరు చూడగానే భయమేసింది. చెట్టెక్కి కూర్చుని ఏడ్చాడు. ముందుకు పోలేడు, వెనక్కి పోయి అమ్మ మొహం చూడలేడు. ఏడ్చి ఏడ్చి ఆకలేసి కిందికి దిగాడు. దిగాక ఇక దాటక తప్పలేదు.

మగవాళ్ళు ఈ ఏడుపు విని పెదవి విరిచారు. కత్తి పట్టిన రాకుమారుడు ఏడవడమేమిటని దొరస్వామి అనేవాడు నా మీద అలిగి లేచిపోయాడు కూడా. మా పక్క గదిలో గంగ అని ఒకమ్మాయి ఉంటుంది. మొగుడు వచ్చిన ఏడే జ్వరంతో పోయాడు, ఒంటిది. ఆ పిల్ల మాత్రం, "ఏడ్చి దాటినాడు చూడు, అట్టాంటోడే నాకు కావాలన్నా. భయం లేనోడికి దాటేదేముంది?" అంది. నాకంటే బాగా చెప్పిందనిపించి ఆ మాటను నా మాటగా చేసుకుని తరువాతి ఆదివారం వాడుకున్నాను. కథలు చెప్పేవాళ్ళకు అలాంటి సిగ్గు ఉండదమ్మా.

బావను అడిగానని చెప్పు.

ఓడ తోబుట్టువు
మునియ్య

*

లౌటోకా
1911, జూలై

ప్రియమైన మునియ్యన్నకు,

ద్రౌపది నమస్కరించి రాసేది. మా నాయన వీధిబడిలో నాలుగక్షరాలు దిద్దించిన పుణ్యాన నీ ఉత్తరం నేనే చదివాను, నేనే రాస్తున్నాను. మీ బావకు మిల్లులో బాయిలరు దగ్గర పని. ఇంటికి వచ్చేసరికి మనిషి ఉడికిపోయి ఉంటాడు. నీ కథ వింటూ గోడకానుకుని కూర్చునే నిద్రపోయాడు. రాణిగారి సంగతేమో గానీ మా ఇంట్లో ఒకరికి నిద్ర తెచ్చిపెట్టావు.

కొళాయి దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళందరికీ చదివి వినిపించాను. తెలుగు రానివాళ్ళకు నాకొచ్చిన హిందీలో చెప్పాను. చెట్టెక్కి ఏడ్చినచోట అందరూ నవ్వారు. ఇక్కడ కుంతి అని ఒకామె ఉంది, ఎవరితోనూ కలవదు. ఆమె బిందె పక్కన పెట్టి, "మళ్ళీ ఉత్తరం ఎప్పుడొస్తుంది?" అని అడిగింది.

ఆ గంగను నేను అడిగానని చెప్పు. ఆమె మాట దొంగిలించినందుకు నువ్వెలాగూ సిగ్గుపడవు కనుక నీ బదులు నేను సిగ్గుపడ్డానని కూడా చెప్పు. ఆలస్యం చేయకు. మొదలుపెట్టిన కథను మధ్యలో వదిలేస్తే వినేవాళ్ళకు అరిష్టమని మా అత్త అంటుండేది. మీ లైన్లోనూ అలాగే అనుకుంటారు కదా?

నీ కోసం స్టీమరు చూసే
ద్రౌపది

*

బులిలేకా
1911, ఆగస్టు

ప్రియమైన చెల్లెమ్మా,

ఈసారి కథ కంటే పెద్ద కబురుంది. కొంచెం గర్వంగానే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

మోకాలికి దెబ్బ తగిలి చెరుకు కొట్టలేకపోతే నన్ను ఓ వారం ఆడవాళ్ళతో కలుపు తీసే ముఠాలో వేశారు. మా మీద పని చేయించే సర్దారు రంగస్వామి. మనలాగే అయిదేళ్ళ కూలీ ఒప్పందానికి వేలిముద్ర వేసి గిర్మిట్ మీద వచ్చినవాడే. చేతికి కర్ర రాగానే ఊరూ వాడా మరిచాడు. ఒక పూట గంగకు కొలిచిన పని మిగతావాళ్ళ పని కంటే ఎక్కువుంది. ఆమె అదే అడిగింది. వాడు కర్రతో మొహం మీద కొట్టాడు. మిగతావాళ్ళు చేను అవతలి పక్క ఉన్నారు, మధ్యలో చెరుకు అడ్డం. పక్క సాలులో ఉన్నది నేనొక్కణ్ణే. కళ్ళారా చూశాను.

ఆదివారం కథకు గంగ బుగ్గ వాచిపోయి వచ్చింది. ఆ రోజు కథలో రాకుమారుడు రాక్షసి కోట మొదటి గుమ్మం దగ్గరున్నాడు. అక్కడి కాపలాదారు ఒకటే అడుగుతాడు: "నువ్వు చూసింది చెప్పు." అబద్ధం చెబితే తలుపు తెరుచుకోదు. నిజం చెబితే లోపలున్న రాక్షసికి వినిపిస్తుంది. రాకుమారుడు వణుకుతూనే నిజం చెప్పాడు. తలుపు తెరుచుకుంది.

అందరూ లేచి వెళ్ళాక గంగ ఆగిపోయింది. "నేను లంబాసా కోర్టుకు పోతానన్నా. నువ్వు చూసింది చెబుతావా?" అంది. చెబుతానన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. కోర్టు నమ్మితే రంగస్వామి కర్ర పోతుంది. నమ్మకపోతే తప్పుడు ఫిర్యాదు చేసిందని ఆమెకే జైలు. అన్నీ తెలిసే వెళుతోంది. ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని దొరస్వామి అడిగితే, "ఆ రాజకొడుకే పోగా లేంది నాకేంది?" అందట.

నా కథ ఒక మనిషిని నిలబెట్టింది చూశావా? ఈ నాలుగేళ్ళలో నేను కొట్టిన చెరుకంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఛాతీ కాస్త విరుచుకుని,
మీ అన్న మునియ్య

*

బులిలేకా
1911, నవంబరు

ప్రియమైన ద్రౌపదికి,

నీ రెండు ఉత్తరాలూ చేరాయి. పని తెమలక జవాబు రాయలేదు. ఇక్కడ అందరం బాగున్నాం. వానలు మొదలయ్యాయి. కోర్టు విషయం అడిగావు. అది ముగిసింది. కోర్టు వ్యవహారాలు నీకు తెలియనివి కావు కదా, రాసేందుకు పెద్దగా ఏమీ లేదు.

కథలోకి వస్తాను. రాకుమారుడు రెండో గుమ్మం దగ్గర నాలుగు తలల పామును ఒక్క వేటుతో నరికాడు. మూడో గుమ్మం దగ్గర మంటలు. వాటిలోంచి నవ్వుతూ నడిచి వెళ్ళిపోయాడు. నాలుగో గుమ్మాన్ని కాలితో తన్ని పడగొట్టాడు. కాపలాదారులు వాడిని చూసి పారిపోయారు. వాడికిక భయమన్నది తెలియదు. రాక్షసి సైన్యం మొత్తం వచ్చినా చిటికెన వేలితో తోసేశాడు. ఇంకో యుద్ధం కూడా ఉంది, మళ్ళీ రాస్తాను.

మునియ్య

*

లౌటోకా
1912, జనవరి

ప్రియమైన అన్నకు,

ద్రౌపది రాసేది. నీ ఉత్తరం కొళాయి దగ్గర చదివాను. నాలుగు తలల పాము దాకా విన్నారు. మంటల దగ్గర ఒకామె బట్టలు పిండుకోవడం మొదలుపెట్టింది. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి కుంతి ఒక్కతే మిగిలింది. "ఆ చెట్టెక్కి ఏడ్చిన పిల్లాడు ఏమయ్యాడక్కా? వీడెవడు?" అంది.

నేను కూడా అదే ఆలోచించాను. వాడు ఏటి దగ్గర ఏడ్చాడు, గుమ్మం దగ్గర వణికాడు. ప్రతిచోటా వాడి ఒంట్లో ఏదో మారుతోందని మాకు తెలుస్తూ వచ్చింది. బయలుదేరినవాడూ తిరిగి వచ్చేవాడూ ఒకడు కాదనే కదా ఇంతమంది చెవులప్పగించి విన్నది? ఇప్పుడు ఉన్నట్టుండి భయం లేనివాడయ్యాడు. భయం ఎక్కడ వదిలాడో నువ్వు చెప్పలేదు. ఒక్కో గుమ్మం నరుక్కుంటూ పోతున్నాడు గానీ ఎక్కడా ఏమీ నేర్చుకోవడం లేదు.

ఓడలో నువ్వు ఎంతసేపు కథ చెప్పినా గొంతు పెంచేవాడివి కాదు. ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా అరుపే. గంగ పేరు ఒక్కచోట కూడా లేదు.

అన్నా, కోర్టులో ఏం చేశావు?

ద్రౌపది

*

బులిలేకా
1912, ఫిబ్రవరి

ద్రౌపదమ్మకు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు అడిగిన దానికి జవాబు రాసి ఈ కాగితాన్ని మళ్ళీ చదవకుండా పంపేస్తాను.

కోర్టు బయట చెక్క బల్ల మీద కూర్చున్నాను. రంగస్వామి వచ్చి పక్కన కూర్చున్నాడు. బెదిరించలేదు, ఒక్క మాట తూలలేదు. "నీ గిర్మిట్ ఎప్పుడయిపోద్ది మునియ్యా?" అని మాత్రం అడిగాడు. ఏప్రిల్ అన్నాను. "దగ్గరకొచ్చిందే," అని లేచి వెళ్ళిపోయాడు. అంతే. కర్ర కూడా తేలేదు వాడు.

లోపల మేజిస్ట్రేటు దొర, నువ్వేం చూశావని అడిగించాడు. నా కథలో కాపలాదారు అడిగిన మాటే. వంగి కలుపు తీస్తున్నాను, ఏమీ చూడలేదు అన్నాను. నా గొంతు నాకే చాలా మామూలుగా వినిపించింది.

గంగ నా మీద కోప్పడలేదు. అదే నన్ను తింటోంది. నోరు కొంచెం తెరుచుకుని నా వైపే చూస్తూ నిలబడింది, కథలో మలుపు రాబోతోందని ఎదురుచూసేటప్పుడు అలాగే చూస్తుంది. పోలీసు ఆమె భుజం పట్టుకున్నాక కూడా ఇంకా నేను మాట పూర్తి చేస్తానేమోనని చూస్తూనే ఉంది.

ఆమెను జైలుకు పంపారు. జైల్లో గడిచిన రోజులన్నీ ఆమె గిర్మిట్ చివర కలుపుతారు. రంగస్వామి చేతిలో కర్ర అలాగే ఉంది.

లైనుకు వచ్చాను. మొహాన ఉమ్మేస్తారనుకున్నాను. కానీ ఆదివారం అయ్యేసరికి ఒక్కొక్కరే వచ్చి వాళ్ళ వాళ్ళ చోట్లలో కూర్చున్నారు. మీ అత్త చెప్పిన మాటే, కథను మధ్యలో వదలకూడదని. నా మొహం చూడటం ఇష్టం లేక దొరస్వామి నేల చూస్తూ కూర్చున్నాడు, అయినా కూర్చున్నాడు. కథ చెప్పక తప్పలేదు. రాకుమారుడు భయపడ్డాడని నోటితో ఎలా అనను? అంటే అందరూ తలెత్తి నా వైపే చూస్తారు. అందుకే పామును నరికించాను, మంటల్లో నడిపించాను. ఎంత నరికినా చాల్లేదు.

జైలు నుంచి వచ్చిన వారమే గంగ కూడా వచ్చి ముందు వరసలో కూర్చుంది. చిక్కిపోయింది. అంతా విని, "ఈసారి రాజకొడుక్కి భయం లేదా అన్నా?" అని అడిగింది. లేదన్నాను. "ఎట్టా పోయింది?" అంది. ఆ పిల్ల ఇంకా అన్నా అనే పిలుస్తోంది. దాని కంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

నీకు రాసేటప్పుడు ఛాతీ విరుచుకున్నాను. ఆ ఉత్తరం ఉంటే పొయ్యిలో వేసెయ్యి.

మునియ్య

*

లౌటోకా
1912, మార్చి

మునియ్యన్నకు,

నీ ఉత్తరం పొయ్యిలో వేయను. నువ్వు రాసింది నువ్వే మొయ్యాలి.

నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. మీ బావకు చెప్పడానికి కూడా సిగ్గేసింది. నీ సిగ్గు నీకే పరిమితమనుకున్నావు కాబోలు. నీ ఆగస్టు ఉత్తరం వచ్చిననాడే నేను కొళాయి దగ్గర నిలబడి, మా అన్న సాక్ష్యం చెబుతున్నాడు, గంగ గెలిచి తీరుతుంది అని చెప్పేశాను. ఆ తరువాత నీ నుంచి కబురు లేకపోతే గెలిచే ఉంటుందని నేనే తేల్చేశాను. అన్న గొప్ప చెప్పుకోవాలన్న ఆత్రం. కుంతి ఆ మాట పట్టుకుని తన సర్దారు మీద ఫిర్యాదు చేయడానికి మిల్లు దొర దగ్గరికి బయలుదేరబోయింది. నువ్వు నిజం రాయడం ఇంకొక్క స్టీమరు ఆలస్యమైతే వెళ్ళిపోయేదే. నేను పరుగెత్తి ఆపాను. ఎందుకు ఆపుతున్నానో అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. కుంతి బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడదు.

నిన్ను తిట్టి నా బరువు దించుకుందామని కూర్చున్నాను గానీ నువ్వున్నచోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. అందుకే ఇంకా కోపంగా ఉంది. రంగస్వామి రేపు ఇంకొకరిని కొడతాడు. నీ గిర్మిట్ అయిపోయాక నువ్వు అక్కడ ఉండవు. గంగ ఉంటుంది. ఇంతకంటే నేను రాయలేను.

ద్రౌపది

*

బులిలేకా
1912, జూన్

ప్రియమైన చెల్లెలు ద్రౌపదికి,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదో చెబుతాను. నీ ఉత్తరం అందిన మరునాడు గంగ గది ముందుకు వెళ్ళి నిలబడ్డాను. ఆమె బియ్యం ఏరుతోంది. మళ్ళీ కోర్టుకు పోయి నిజం చెబుతాను, నన్ను జైల్లో వేసినా సరే అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకునే అన్నాను. ఆమె కూడా ఏడుస్తుందనీ, ఒక మంచి మాట అంటుందనీ లోపల ఎక్కడో ఆశపడ్డాను. నీ దగ్గర దాచడమెందుకు?

గంగ చేట పక్కన పెట్టలేదు. "నీ కథల్లో అంతే కదన్నా. రాజకొడుక్కి బుద్ధి రావాలంటే పక్కనోళ్ళకు ఏదో ఒకటి జరగాల. గుర్రం మునిగిపోవాల, నౌకరు చచ్చిపోవాల. వాడు ఏడ్చి మంచోడయి ఇంటికి పోతాడు. గుర్రం సంగతి ఎవురికీ పట్టదు. నువ్వు జైలుకు పోతే నీ మనసు కడుక్కుంటావు. నేనున్న జైలు నాకు తిరిగొస్తదా?" అంది.

నేను తలొంచుకుని నిలబడ్డాను. ఆమె రాళ్ళు ఏరి పక్కకు వేస్తూనే ఉంది. చివరికి, "వాడి చేతిలో కర్ర పోవాలంటే పో. ఆడోళ్ళు మొహాలు కాపాడుకుంటా పనికి పోతుండారు. దానికైతే పో. నీకోసమైతే వద్దు," అని మళ్ళీ బియ్యం ఏరడంలో పడింది.

వెళ్ళాను చెల్లెమ్మా. లంబాసా దాకా నడుస్తూ, ఆ కర్ర కోసమే పోతున్నాను, నాకోసం కాదు అని నాకు నేనే చెప్పుకుంటూ ఉన్నాను. అంతగా చెప్పుకోవాల్సి వచ్చిందంటే ఎవరికోసం పోతున్నానో నువ్వే ఊహించుకో. మేజిస్ట్రేటు ముందు వణికాను. మొదటిసారి అబద్ధమాడానని చెప్పాను. దొర చాలా విసుక్కున్నాడు. కోర్టును మోసం చేసినందుకు నన్ను జైల్లో వేశారు. రంగస్వామి కర్ర తీసేసుకుని వాడిని మామూలు కూలీగా వేరే తోటకు పంపారు. గంగకు వేసిన శిక్ష మాత్రం అయిపోయిన శిక్షేనట, అందులో మార్చడానికేమీ లేదట. గిర్మిట్ చివర కలిపిన రోజులు కూడా తీసెయ్యలేదు. నాకు కూడా కలిశాయి. ఏప్రిల్ వచ్చి వెళ్ళిపోయింది, నేనింకా ఇక్కడే ఉన్నాను.

విడుదలయ్యాక దారంతా ఒకటే ఆలోచన. లైను కనబడగానే ఎవరో ఒకరు ఎదురొస్తారనుకున్నాను. ఇప్పుడు కథను సరైన గొంతుతో ముగించగలను అనుకున్నాను. రాకుమారుడు ఏం పోగొట్టుకున్నాడో, తిరిగి ఎలాంటి మనిషిగా వచ్చాడో చెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను. బాగా కుదిరాయి కూడా. నేను వచ్చేసరికి ఆదివారం మధ్యాహ్నం. ఆడవాళ్ళు గుమ్మాల్లో కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటున్నారు. దొరస్వామి నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చాడు. మంచినీళ్ళిచ్చాడు. లంబాసాలో వానల గురించి అడిగాడు.

కథకు ఎప్పుడు కూర్చుందామన్నాను. అది అయిపోయింది మునియ్యా అన్నాడు. నేను జైల్లో ఉండగా గంగ పూర్తి చేసిందట. కథను మధ్యలో వదలకూడదు కదా, ఎవరో ఒకరు చెప్పాలని అందరూ అడిగితే ఆమే కూర్చుందట. ఎలా ముగించిందని అడిగాను.

రాణిగారు చూసి చూసి, కొడుకు ఎంతకీ రాకపోయేసరికి తనే లేచిందట. నిద్రలేని మనిషికి రాత్రేమిటి పగలేమిటి, ఆగకుండా నడిచిందట. రాక్షసి కోటకు పోయి, అది నాది, ఇయ్యి అందట. రాక్షసి ఇచ్చేసిందట. అక్కడే మూట విప్పుకుని, రాక్షసి గుమ్మంలోనే కొంగు పరుచుకుని పడుకుందట. అంతమంది ఆడవాళ్ళూ ఆ మాటను మళ్ళీ చెప్పించుకుని విన్నారని దొరస్వామి చెప్పాడు.

మరి రాకుమారుడో అన్నాను.

దొరస్వామి ఆలోచించాడు. గంగ వాడి సంగతి చెప్పలేదనీ, ఎవరూ అడగలేదనీ అన్నాడు.

కుంతి మాట్లాడితే, రంగస్వామి కర్ర పోయిందని ఆమెకు చెప్పు. నా పేరు చెప్పకు.

మునియ్య